బూడిదే గదా అనుకోకండి!

ఇంటి ముందు ఖాళీ జాగాలో రాళ్ళు పరిపించాలనుకుంటున్నారా? మంచి ఆలోచనే. వానాకాలంలో బురద వుండదు, ఎండాకాలంలో మట్టి లేవదు, స్కూటరు నిలబెట్టినా గుంట పడదు. అందులోనూ తార్నాక చుట్టుపక్కల కాపురముండేవారికి రాతి మీద మోజు వుండడంలో వింత లేదు. పొద్దున్నే నడకకు వెళ్ళేది ఉస్మానియా ఆవరణలోకే గదా! 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గ్రానైట్ గోడల్ని రోజూ చూసి వచ్చినవారికి, తమ గుమ్మం ముందు కూడా నాలుగు రాళ్ళు వుంటే బాగుండుననిపిస్తుంది.

అయితే ఇది ఆరోగ్య శీర్షిక. రాళ్ళ గురించి ఇక్కడెందుకంటారా? కారణం వుంది. నాలుగంగుళాల చదరపు గ్రానైట్ రాళ్ళు, దుకాణాల్లో కాబుల్ రాళ్ళంటున్నారు, వాటిని పరిచేటప్పుడు మేస్త్రీలు కొందరు సిమెంటులో 'ఫ్లై యాష్' కలుపుదామంటారు. 'ఏమీ కాదమ్మా, బూడిదే గదా' అంటారు. మనకు బూడిదంటే భయం లేదు. దాంతో గిన్నెలు తోముకున్నాం, పళ్ళు తోముకున్నాం, నుదుట పెట్టుకున్నాం. కానీ ఈ బూడిద పొయ్యిలోది కాదు. దాన్ని ఎక్కడినుంచి తెచ్చుకోవాలి, ఎలా కలపాలి అన్న ప్రశ్నకు ఇంజనీరు చెప్పే సమాధానం ఒకటి, డాక్టరు చెప్పే సమాధానం ఇంకొకటి. చిత్రమేమిటంటే, ఇంటి పని మట్టుకు చూస్తే రెండు సమాధానాలూ ఒక్కచోటికే వచ్చి చేరుతున్నాయి.

ఈ బూడిద ఎక్కడిది?

థర్మల్ విద్యుత్కేంద్రాలలో బొగ్గును పిండిలా విసిరి కాలుస్తారు. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. నూరు కిలోలు కాలిస్తే ముప్ఫై నుంచి నలభై అయిదు కిలోల దాకా బూడిదే మిగులుతుంది. అందులో బరువైనది కొలిమి అడుగున పడుతుంది. తేలికైనది పొగతో పాటు పైకి ఎగిరిపోతుంటే, విద్యుత్తుతో పనిచేసే యంత్రాలు పొగగొట్టం చేరకముందే పట్టి కింద గరాటాలలోకి రాలుస్తాయి. ఎగిరే బూడిద గనక ఫ్లై యాష్ అన్నారు. ముట్టుకుంటే ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తగా వుంటుంది. మెత్తదనమే దాని గుణం, అదే దాని దోషం కూడా.

సిమెంటులో నీళ్ళు పోసినప్పుడు కొంత సున్నం విడుదలవుతుంది. ఈ బూడిదలోని సిలికా ఆ సున్నంతో మెల్లగా కలిసి గట్టిపడుతుంది. అందువల్ల మాలు చేతికి మెత్తగా వస్తుంది, గట్టిపడ్డాక నీరు తక్కువ పీలుస్తుంది, రాళ్ళ అంచుల్లో తెల్లటి ఉప్పు పొంగడం తగ్గుతుంది. ఇందులో కొత్తేమీ లేదు. మన పెద్దలు డంగు సున్నంలో ఇటుక పొడి, అంటే సుర్ఖీ, కలిపి కట్టింది ఈ సూత్రం మీదనే. సుర్ఖీ చేసిన పని ఇప్పుడు బూడిద చేస్తుందన్నమాట.

మరి హైదరాబాదులో ఇది దొరుకుతుందా? ఒకప్పుడు హుస్సేన్‌సాగర్ ఒడ్డునే బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం వుండేది. అది పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మనవైపు బూడిద రావాలంటే 1983లో మొదటి యూనిట్ నడిచిన రామగుండం ఎన్.టి.పి.సి. కేంద్రంవంటి చోట్లనుంచి గానీ, కొత్తగూడెం వైపు పాల్వంచ నుంచి గానీ రావాలి. అవతల ఆంధ్రలో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం, విశాఖ దగ్గర సింహాద్రి వున్నాయి. అక్కడినుంచి మూసిన టాంకర్లలో టన్నుల లెక్కన సిమెంటు ఫ్యాక్టరీలకు, రెడీమిక్స్ వాళ్ళకు, బూడిద ఇటుకల బట్టీలకు వెళుతుంది. మనకు కావలసింది ఒకటో అరో బస్తా. ఆ బస్తా ఇటుకల బట్టీవాడి దగ్గర గోనెకెత్తి తెచ్చేదే అవుతుంది. అది యంత్రం పట్టిన పొడి బూడిదో, నీళ్ళతో కలిపి చెరువులో వదిలితే ఎండిన ముతక బూడిదో, చూపుతో చెప్పలేం. చెరువు బూడిద గుంటలు పూడ్చడానికి పనికివస్తుంది గానీ, మాలులో పొడి బూడిద చేసే పని చెయ్యదు. సిమెంటులో కలిపే బూడిదకు ఐ.ఎస్. 3812 అని భారత ప్రమాణం వుంది. గోనెసంచి మీద ఆ అంకె కనబడదు గదా!

ఇప్పుడొక లెక్క వేసి చూడండి. నూరు చదరపు అడుగుల ముంగిలి. రాళ్ళ కింద ఒకటిన్నర అంగుళం మాలు, ఒక పాలు సిమెంటుకు అయిదు పాళ్ళు ఇసుక. సిమెంటు రెండు, రెండున్నర బస్తాలు పడుతుంది. రాళ్ళ సందులు నింపడానికి మరో బస్తా వేసుకోండి. అందులో అయిదో వంతు తీసి బూడిద వేస్తే మొత్తం మీద కలిపే బూడిద ముప్ఫై, నలభై కిలోలు దాటదు. ఆ ఒక్క సంచీ కోసం దుమ్ము ఇంటికి తెచ్చుకోవడమా?

పైగా ఆ బూడిద ఇప్పటికే సిమెంటు బస్తాలో వుంది. బస్తా మీద పి.పి.సి. అని అచ్చు వుండి, కింద ఫ్లై యాష్ ఆధారితం అని రాసి వుంటే, అందులో నూటికి పదిహేను నుంచి ముప్ఫై అయిదు పాళ్ళ దాకా బూడిద ఫ్యాక్టరీలోనే కొలత ప్రకారం కలిసి వచ్చిందని అర్థం. మేస్త్రీ అలాంటి సిమెంటులో మళ్ళీ బూడిద కలపబోతే ఆపండి. మాలు బలహీనమవుతుంది. బూడిద విడిగా కలపడమంటూ వుంటే అది ఓ.పి.సి. అని రాసి వున్న బస్తాలోనే. ఇంటి ముంగిలి పనికి నా సలహా అడిగితే, విడి బూడిద జోలికి పోకుండా పి.పి.సి. బస్తా తెచ్చుకోండంటాను. ఇది పిసినారి సలహా కాదు, ఊపిరితిత్తుల సలహా.

ఊపిరితిత్తుల మాట

మనం పీల్చే గాలిలోని పెద్ద నలుసుల్ని ముక్కు వెంట్రుకలు, గొంతులోని తడి పట్టేస్తాయి. తుమ్ముతోనో, కఫంతోనో బయటికి వచ్చేస్తాయి. మీటరును పది లక్షల భాగాలు చేస్తే వచ్చేది మైక్రాను. పది మైక్రాన్లకు లోపు నలుసులు ఊపిరి గొట్టాలలోకి దిగుతాయి. అయిదుకు లోపువి అట్టడుగున గాలి తిత్తుల దాకా వెళ్ళి తిష్ఠ వేస్తాయి. బూడిదలోని నలుసుల్లో ఈ చిన్నవాళ్ళు బోలెడంతమంది. ఇందులో దాదాపు సగమో, అంతకు పైనో సిలికా. కాకపోతే అందులో ఎక్కువ భాగం కరిగి గాజులా మారినది. స్ఫటికంలా మిగిలిన కొద్ది భాగమే ఎక్కువ కీడు చేసేది. ఇవిగాక సీసం, ఆర్సెనిక్, క్రోమియం లాంటివి లేశమాత్రంగా వుంటాయి.

రెండు రోజుల పనికి ఊపిరితిత్తులు చెడిపోతాయని చెప్పి మిమ్మల్ని బెదరగొట్టను. ఆరోగ్యంగా వున్నవారికి దగ్గు, తుమ్ములు, కళ్ళు మంట, అంతే. కానీ ఇంట్లో ఉబ్బసం వున్న పిల్లవాడో, గుండె జబ్బున్న పెద్దాయనో వుంటే ఆ రెండు రోజులే చాలు, రాత్రి ఆయాసంతో ఆసుపత్రికి పరుగెత్తించడానికి. వారిని ఆ రెండు రోజులూ బంధువుల ఇంటికి పంపండి. గర్భవతుల్ని దుమ్ము దగ్గరికి రానివ్వకండి. వీధివైపు కిటికీలు మూసి, తడిగుడ్డతో తుడవండి తప్ప చీపురు పట్టకండి.

నిజానికి ఈ పనిలో బూడిద కంటే పెద్ద దొంగ ఇంకొకడున్నాడు. కటింగ్ మిషను. అంచుల దగ్గర రాయి సరిపోకపోతే మేస్త్రీ దాన్ని అడ్డంగా కోస్తాడు. గ్రానైట్‌లో కనీసం అయిదో వంతు, తరచు అంతకన్నా ఎక్కువ, స్ఫటిక సిలికా. పొడిగా కోసినప్పుడు లేచే ఆ తెల్లటి మేఘం ఇంటావిడ మాలు గురించి పడే భయాలన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది. ఊపిరితిత్తి లోపల మచ్చలు కట్టి, రబ్బరులా సాగవలసింది తోలులా బిరుసెక్కుతుంది. మానిపే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో మన పిల్లలు పలకల మీద రాసుకునే బలపాలు కోసి బతికిన కార్మికులు ఈ జబ్బుతో నిండు వయసు రాకముందే పోయారు. రాయి కొట్టి బతికే వడ్డెర కుటుంబాలకు ఇది తెలియని సంగతి కాదు. పేరు మాత్రం 'రాళ్ళ దగ్గు' అనో, 'ఆయాసం' అనో వేరుగా వుంటుంది.

మందు లేని జబ్బుకు నీళ్ళే మందు. కోసేచోట ఒక మనిషి సన్నగా నీళ్ళు పోస్తూ వుంటే మేఘం లేవదు. నీళ్ళు జల్లే ఏర్పాటున్న మిషన్లు కూడా వున్నాయి, అడగండి. కరెంటు మిషను మీద నీళ్ళంటే షాకు భయం వుంటుంది గనక, అందుకు తగిన మిషనే వాడాలి, తీగకు రక్షణ వుండాలి. అసలు రాళ్ళను దుకాణంలోనే కొన్ని సగం ముక్కలుగా కోయించి తెచ్చుకుంటే ఇంటి దగ్గర కోత చాలావరకు తప్పుతుంది.

ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదా అంటారు. చాలదు. తువ్వాలు నేత సందుల్లోంచి ఈ నలుసులు నిక్షేపంగా నడిచివెళతాయి. 2020లో కరోనా పుణ్యమా అని ఎన్-95 మాస్కు మన ఇళ్ళలోకి వచ్చింది గదా, అది కావాలి. ముక్కు దగ్గర తీగ నొక్కి, అంచులు ముఖానికి అంటుకునేలా పెట్టుకోవాలి. గుబురు గడ్డం వుంటే పక్కలనుంచి దుమ్ము వెళ్ళిపోతుంది. ఇక బెల్లం ముక్క. పని అయ్యాక బెల్లం తింటే లోపలి దుమ్మంతా కొట్టుకుపోతుందని కూలీలలో గట్టి నమ్మకం. బెల్లం రుచిగా వుంటుంది, అలసట తీరుస్తుంది, తిననివ్వండి. కానీ అది పోయేది కడుపులోకి, ఊపిరి పోయే దారి వేరు. బెల్లం పెట్టాం గదా అని మాస్కు ఎగ్గొట్టకూడదు.

విడి బూడిద వాడక తప్పకపోతే కలిపే తీరు కూడా చెబుతాను. సంచీని ఎత్తునుంచి గుమ్మరించకండి. ముందు డ్రమ్ములో నీళ్ళు పోసి, సంచీ మూతిని నీటికి దగ్గరగా పెట్టి కొంచెం కొంచెంగా జారవిడిచి, జావలా కలిపి, ఆ జావను సిమెంటు, ఇసుకలలో పోసుకోవాలి. బూడిద మీద నీళ్ళు పోస్తే దుమ్ము లేస్తుంది, నీళ్ళలో బూడిద వేస్తే లేవదు. గాలి మీ వీపు వైపునుంచి వీచేలా నిలబడండి. రాళ్ళు పరిచాక సందులు నింపడానికి కొందరు పొడి సిమెంటు, బూడిద, ఇసుక కలిపి పైన చల్లి, చీపురుతో ఊడ్చి, ఆ తర్వాత నీళ్ళు చిలకరిస్తారు. పనిలో మోకాళ్ళ మీద వున్న మనిషి ముఖం సరిగ్గా ఆ చీపురు ఎత్తులోనే వుంటుంది. ఆ పద్ధతి వద్దనండి. పలచటి మాలు కలిపి సందుల్లో పోసి, పైన తడి గోనెతో తుడిస్తే అంతకన్నా బాగా కూర్చుంటుంది.

చేతులు, మోకాళ్ళు

తడి సిమెంటు తీవ్రమైన క్షారం. పి.హెచ్. లెక్కన 12, 13 మధ్య. బూడిద కలిపాం గదా, ఘాటు తగ్గుతుందిలే అనుకోవద్దు. మాలు తడిగా వున్నంతసేపూ కొరికే గుణం పోదు. పైగా బూడిద కలిసిన మాలు నెమ్మదిగా బిగుస్తుంది. మేస్త్రీకి అది సౌకర్యం, తొందరపడనక్కరలేదు. కానీ నెమ్మదిగా బిగిసే మాలులో మనిషి మోకాళ్ళు కూడా ఎక్కువసేపు నానుతాయి. రాళ్ళు పరిచే పని కుర్చీలో కూర్చుని చేసేది కాదు గదా, మోకాళ్ళ మీద పాకుతూ చేసేది.

ఈ కాలుడు దొంగదెబ్బ. నిప్పులాగా వెంటనే చురుక్కుమనదు. పాంటు మోకాలి దగ్గర తడిసి, ఆ తడి గుడ్డ చర్మానికి అతుక్కుని గంటల తరబడి వుంటే, సాయంత్రం స్నానానికి వెళ్ళినప్పుడు ఎర్రగా కనిపిస్తుంది, మర్నాటికి నల్లబడి లోతు పుండవుతుంది. మోకాళ్ళ కింద మందమైన రబ్బరు ముక్క కట్టుకుంటే లేదా పలక మీద మోకరిల్లితే ఈ బాధ లేదు. బూట్లలోకి మాలు దిగితే వెంటనే తీసి కడగాలి. అంటుకున్న మాలును తుడిచేసి, తడిసిన బట్ట విప్పి, ధారగా పారే నీళ్ళ కింద కనీసం ఇరవై నిమిషాలు వుంచండి. ఇరవై నిమిషాలంటే గడియారం చూసి ఇరవై నిమిషాలు. పసుపు, వెన్న, టూత్‌పేస్టు, సిరా ఏవీ వద్దు. క్షారానికి విరుగుడని నిమ్మరసం పిండేవారున్నారు, అదీ వద్దు. బొబ్బలెక్కినా, చర్మం తెల్లగానో నల్లగానో మారినా డాక్టరుకు చూపించాలి.

ఇంకోరకం జబ్బు వుంది. ఏళ్ళ తరబడి సిమెంటు పనిచేసిన మేస్త్రీ చేతులు చూడండి: పగుళ్ళు, దురద, చెమ్మ కారడం. సిమెంటులో లేశమాత్రంగా వుండే క్రోమియం దీనికి ముఖ్య కారణం. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత రవ్వంత తగిలినా దద్దురు లేస్తుంది, జన్మంతా వెంటాడుతుంది. ఐరోపా దేశాల్లో 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియం పది లక్షల పాళ్ళలో రెండు పాళ్ళు మించకూడదని కట్టడి చేశారు. మన కూలీకి చేతి తొడుగే కట్టడి. లోపల నూలు వున్న రబ్బరు తొడుగులు మంచివి. తోలు తొడుగులు కొనకండి, తోలును చాలాచోట్ల క్రోమియంతోనే పదును చేస్తారు గనక అది కొరివితో తల గోక్కున్నట్టే. పని అయ్యాక మామూలు నీళ్ళతో కడిగి తుడుచుకుని కొబ్బరినూనె రాసుకుంటే పగుళ్ళు తగ్గుతాయి. పనికి ముందు నూనె రాసుకుంటే తొడుగు అక్కరలేదన్న మాట మాత్రం నిజం కాదు.

కంట్లో మాలు చిందితే క్షణం ఆలస్యం చేయకూడదు. రెప్పలు విడదీసి పట్టుకుని, చెంబులతో గానీ, కొళాయి కింద గానీ, ఇరవై నిమిషాలు కడిగి, అప్పుడు కంటి ఆసుపత్రికి. మెహదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రి దూరమే, అందుకే ముందు ఇంటి నీళ్ళు అంటున్నాను. దారిలో పోయే కాలంలోనే క్షారం నల్లగుడ్డు పైపొరను తినేస్తుంది. చనుబాలు, ఆముదం, నెయ్యి కంట్లో పోయకండి.

పని అయ్యాక

బూడిద కలిసిన మాలు నెమ్మదిగా బలపడుతుంది గనక తడి ఎక్కువ రోజులు కావాలి. కనీసం పది రోజులు, ఎండలు ముదిరితే రెండు వారాలు. స్కూటరు అప్పటిదాకా బయటే. తడి ఆరకుండా మేస్త్రీలు చుట్టూ మట్టి గట్టు కట్టి నీళ్ళు నిలబెడతారు. నిలిచిన నీటిలో డెంగీ దోమ గుడ్డునుంచి రెక్కలదాకా రావడానికి వారం, పది రోజులు చాలు. సరిగ్గా మన పది రోజులే! 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇక్కడే, సికింద్రాబాదులో. ఆయన పేరున వున్న పరిశోధన సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయానిదే. అలాంటి ఊళ్ళో ఇంటి ముందు మనమే దోమల్ని పెంచుకోవడం బాగుండదు. గట్టు కట్టకుండా గోనెలు పరిచి రోజుకు మూడుసార్లు తడపండి. డ్రమ్ము మీద మూత వెయ్యండి.

మిగిలిన బూడిదను అంట్ల గిన్నె దగ్గర పెట్టకండి, పళ్ళపొడిలో కలపకండి, ఆకుకూరల మడిలో చల్లకండి. ఖాళీ సిమెంటు సంచులు కడిగి వాటి మీద వడియాలు పెట్టడం, బియ్యం పోయడం చాలా ఇళ్ళలో అలవాటు. నేతలో ఇరుక్కున్న పొడి ఒక్క కడుగుడుకు పోదు. తాపీ, తట్ట, పార కడిగిన నీళ్ళను ఇంకుడు గుంటలోకి వదలకండి, అది మీ బోరులోకే చేరుతుంది. పనివాళ్ళ బట్టలు దులపకుండా ముందు నీళ్ళలో నానబెట్టి విడిగా ఉతకాలి. లేకపోతే ఆ దుమ్ము బస్తీలో వాళ్ళ పసిపిల్లల దాకా వెళుతుంది.

ఇంటి పని రెండు రోజులతో మీకు అయిపోతుంది, మేస్త్రీకి రేపు ఇంకో ఇల్లు. రాతి పని చేసేవారిలో ఎవరికైనా మూడు వారాలు దాటి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం వుంటే ఎక్స్‌రే తీయించమనండి. సిలికోసిస్ వున్నవారికి క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది, రెండూ ఎక్స్‌రేలో ఒకదాన్నొకటి పోలి కనిపించవచ్చు కూడా. రాయి కోసే మనిషి ఆ ముక్క చెప్పకపోతే క్షయ మందులే మళ్ళీ మళ్ళీ మింగుతూ వుండే ప్రమాదముంది. గాంధీ ఆసుపత్రిలోనైనా, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలోనైనా, ఊళ్ళో డాక్టరు దగ్గరైనా చీటీ రాయించుకునేటప్పుడు 'ఇన్నేళ్ళుగా రాయి కోస్తున్నాను, సిమెంటు కలుపుతున్నాను' అని మొదటే చెప్పమనండి. చదువురానివారైతే ఒక కాగితం మీద మీరే రాసి వారి చేతికివ్వండి.